నీలం చీమ: మీరడిగారు, చెప్తున్నాను

పోయిన నెల ఈ పేజీలోనే అరుణాచల్ ప్రదేశ్ నీలం చీమ గురించి నాలుగు ముక్కలు రాశాను. నేను రాసింది నాలుగు ముక్కలే, మీ ప్రశ్నలు మాత్రం బెల్లం డబ్బాకి చీమలు పట్టినట్టు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అందుకని ఈ నెల కొత్త సంగతేదీ ఎత్తుకోకుండా వాటికే జవాబులు రాస్తున్నాను.

ఆ సంచిక చూడనివాళ్ల కోసం ముందు కథ క్లుప్తంగా. 1911–12లో ఆంగ్లేయులు సియాంగ్ లోయలోని ఆది తెగ మీదికి దండెత్తి వెళ్లినప్పుడు వాళ్ల వెంట శాస్త్రవేత్తలు కూడా వెళ్లి అక్కడి చెట్లనీ పురుగులనీ రాసుకొచ్చారు. నూరేళ్లు దాటాక ఇప్పుడక్కడ ఏముందో చూద్దామని బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు అదే లోయకి మళ్లీ వెళ్లారు. యింగ్కు అనే ఊరి దగ్గర, పశువులు నడిచే ఏటవాలు దారి పక్కన, పది అడుగుల ఎత్తులో ఉన్న చెట్టు తొర్రలో మునిమాపు వేళ ఏదో తళుక్కుమంది. చూస్తే చీమలు. ఒక్కోటీ రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, ఒళ్లంతా లోహంలా మెరిసే నీలం. 2024లో జూకీస్ అనే పరిశోధన పత్రికలో దానికి పారాపారాట్రెకీనా నీలా అని పేరు పెట్టి, వర్ణన అచ్చు వేశారు.

ఇక ప్రశ్నలు.

మేడమ్, అడవిలో చీమను చూడగానే అది కొత్తదని వాళ్లకెలా తెలిసింది? మా పెరట్లో నాలుగు రకాలున్నాయి, నాకు నాలుగూ ఒకటే అనిపిస్తాయి. (ఓ పాఠకురాలు, హనుమకొండ)

చూడగానే తెలియదండీ. అనుమానం మాత్రం వచ్చే ఉంటుంది, నీలం చీమ కనిపిస్తే ఎవరికి రాదు? కానీ అనుమానానికీ రుజువుకీ మధ్య చాలా దూరం ఉంది. చీమలనే కాదు, అన్ని రకాల ప్రాణులనూ కలిపి 2012లో ఒక లెక్క తీశారు. ఒక నమూనా మొదటిసారి ఎవరి చేతికైనా చిక్కిన రోజు నుంచి, అది కొత్త జాతని వర్ణన అచ్చయ్యే రోజు దాకా సగటున 21 ఏళ్లు పడుతోందట. అంటే ఈ క్షణాన కూడా ఎన్నో కొత్త జాతులు ఏదో మ్యూజియం డ్రాయర్‌లో, ఆల్కహాల్ సీసాలో, పేరు లేకుండా పడున్నాయన్నమాట. అందుకే నన్నడిగితే అడవిలో జరిగేది కనిపెట్టడం కాదు, ఏరుకోవడం. కనిపెట్టడమంటూ జరిగేది మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాకే.

ఆ కూర్చోవడం ఎలా ఉంటుందంటే, ముందు పెళ్లికార్డు మందం ఉన్న అట్టను సన్నటి త్రికోణంగా కత్తిరించి, దాని మొన మీద ఆవగింజలో పావు వంతు జిగురు పెట్టి, చీమను కాళ్ల మధ్య భాగంలో ఆ మొనకి అంటిస్తారు. సూదిని అట్టకి గుచ్చుతారు, చీమకి కాదు (ఇంత చిన్న చీమకి గుచ్చితే ఇంకేం మిగలదు). తర్వాత కొలతలు: తల పొడవు, తల వెడల్పు, కన్ను ఎంత, మీసంలో మొదటి తునక తలను దాటి బయటికి వస్తుందా రాదా, నడుం భాగం పొడవెంత. ఒక్క చీమను కొలిస్తే సరిపోదు, ఒకే గూటిలో అక్కచెల్లెళ్ల మధ్య కూడా తేడాలుంటాయి కాబట్టి దొరికినన్నిటినీ కొలవాలి. ఇది బోరు పని. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పిన రోజుల్లో పిల్లలకి ఒక్క చీమ తల వెడల్పు కొలవమని ఇస్తే, గంట తర్వాత క్లాసులో సగం మందికి తలనొప్పి, మిగతా సగానికి సున్నా.

ఆ తర్వాత వెంట్రుకల లెక్క. నవ్వకండి, ఈ చీమల విషయంలో అసలు కీలకం అదే. పారాపారాట్రెకీనా ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) చీమ వీపు మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు జతలు జతలుగా ఉంటాయి: ముందు భాగం మీద రెండు జతలు, మధ్యలో ఒక జత, వెనక ఒక జత. ఆ చివరి జత ఉండటం ఈ ప్రజాతికి పెద్ద గుర్తు. దాని చుట్టాలైన పక్క ప్రజాతుల్లో అది ఉండదు. 2010లో ఈ చుట్టరికాలన్నిటినీ డీఎన్ఏతో తిరగేసి సర్దిన తర్వాతే పారాపారాట్రెకీనా అనేది వేరే ప్రజాతిగా నిలబడింది. మన ఇళ్లలో అటూ ఇటూ దిక్కు తోచనట్టు పరుగెత్తే సన్నటి నల్లచీమ ఉంటుందే, పొడుగు కాళ్లు, పొడుగు మీసాలు, దాన్ని ఇంగ్లిష్‌లో పిచ్చి చీమ అంటారు. అది ఈ నీలం చీమకి దగ్గరి చుట్టమే.

ప్రజాతి తేలాక అందులో అప్పటికే పేరున్న జాతులు, 16 ఉన్నాయి, వాటిలో ప్రతిదానితోనూ పోల్చాలి. పాత వర్ణనలు ఫ్రెంచిలో ఉంటాయి, జర్మన్‌లో ఉంటాయి, రెండు వాక్యాలు రాసి వదిలేసినవీ ఉంటాయి. అన్నిటితో పోల్చి, దేనితోనూ కలవదని తేలాక రాయడం మొదలుపెడతారు: తల కొంచెం త్రికోణంలా ఉంటుంది, కళ్లు పెద్దవి, దవడకి అయిదు పళ్లు, మీసాలూ దవడలూ కాళ్లూ తప్ప ఒళ్లంతా నీలం... పదో తరగతి సర్టిఫికెట్‌లో కుడి చెంప మీద పుట్టుమచ్చ అని రాస్తారు చూడండి, అలా. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ పుట్టుమచ్చ ఇంకెవరికీ లేదని కూడా మనమే చూపించాలి.

ఇంతా చేశాక కూడా అది ఒక వాదనే. రేపు ఇంకొకరు వచ్చి, కాదు, ఇది ఫలానా పాత జాతే అని నిరూపిస్తే ఈ పేరు పోయి పాత పేరులో కలిసిపోతుంది. చీమల చరిత్రలో అలా కలిసిపోయిన పేర్లు బోలెడు.

ఎప్పటి తర్వాత దొరికింది ఇది? 121 ఏళ్లు అని ఎక్కడో చదివాను, అన్నేళ్లూ మనవాళ్లు ఏం చేస్తున్నట్టు? (ఓ పాఠకుడు, ఏలూరు)

121 ఏళ్ల లెక్క మొత్తం చీమలది కాదండీ, ఈ ఒక్క ప్రజాతిది. భారత ఉపఖండం నుంచి ఈ ప్రజాతిలో దీనికి ముందు కొత్త జాతికి పేరు పెట్టింది 1902లో ఆగస్ట్ ఫోరెల్ అనే స్విట్జర్లాండ్ ఆయన. మనదేశం నుంచి మిగతా చీమల వర్ణనలు వస్తూనే ఉన్నాయి, 2016లో వేసిన జాబితాలో జాతులూ ఉపజాతులూ కలిపి 828 లెక్క తేలాయి.

ఫోరెల్ మామూలు మనిషి కాదు. వృత్తి రీత్యా మానసిక వైద్యుడు, చీమలు ఆయనకి పిచ్చి. స్విట్జర్లాండ్ వెయ్యి ఫ్రాంకుల నోటు మీద ఒకప్పుడు ఒకవైపు ఆయన బొమ్మ, రెండోవైపు చీమలు వేశారు. చీమల బొమ్మతో కరెన్సీ నోటు!

నీలా అంటే మన మాటే కదా. శాస్త్రీయ నామం లాటిన్‌లో ఉండాలని బళ్లో చదువుకున్నాం. ఇంకో సందేహం, నేను కొత్త చీమను పట్టుకుంటే నా పేరు పెట్టుకోవచ్చా? (ఓ పాఠకుడు, కర్నూలు)

బళ్లో చెప్పింది సగం నిజం. నియమం ప్రకారం పేరు లాటిన్ లిపిలో ఉండాలి, మాట ఏ భాషదైనా ఫరవాలేదు. ఊరి పేరు పెట్టొచ్చు, దేవుడి పేరు పెట్టొచ్చు, అర్థం లేని అక్షరాలను కూర్చి పెట్టినా చెల్లుతుంది. నీలా అంటే మన భాషల్లో చాలావాటికి నీలమే కాబట్టి ఆ మాట తీసుకున్నారు. తమిళం, కన్నడం, హిందీ, తెలుగు, ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. నాకు నచ్చింది అదే. నోరు తిరగని ప్రజాతి పేరు తర్వాత ఆ ఒక్క మాట వినిపించగానే మనింటి చీమ అనిపిస్తుంది.

మీ పేరు మీరే పెట్టుకోకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. కానీ పెట్టుకోరు, అది మర్యాద కాదు. సొంత పెళ్లి పత్రికలో పేరు ముందు తనే గౌరవనీయులైన అని వేసుకున్నట్టుంటుంది. వేరేవాళ్లు మీ పేరు పెట్టొచ్చు. అమెరికా శాస్త్రవేత్త ఈ.ఓ. విల్సన్ ఒక చీమకి హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్ పేరు పెట్టాడు, అడవుల రక్షణకి ఆయన చేసిన పనికి గుర్తుగా. కాబట్టి చీమల శాస్త్రవేత్త ఎవరితోనైనా స్నేహం చేసుకోండి, అదొక్కటే దారి.

నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆ చీమని నీళ్లతో కడిగితే రంగు పోతుందా? దానికి నీలం ఎందుకు వచ్చింది? (ఓ విద్యార్థిని, సిద్దిపేట)

పోదు తల్లీ. ప్రాణుల ఒంటి మీద కనిపించే నీలంలో చాలావరకు అసలు రంగే ఉండదు. అంటే గోరింటాకు ఎరుపులా, పసుపు కొమ్ములా లోపల ఏదో రంగు పదార్థం ఉండి వచ్చేది కాదు. ఒంటి పై పొరలో కంటికి కనపడనంత సన్నటి అరలు వరసగా ఉంటాయి, వెలుతురు వాటి మీద పడితే నీలం వంతు మాత్రం బలంగా వెనక్కి తిరిగొస్తుంది. దసరా నాడు చూడాలని వెతుకుతామే పాలపిట్ట, దాని రెక్కల నీలం ఈ రకందే. ఆ ఈకను మెత్తగా నూరితే నీలం పొడి రాదు, నీలమే పోతుంది.

ఇంట్లో నెమలీక ఉంటే ఒక పని చెయ్యి. ముందు వెలుతురు దాని మీద పడేట్టు పట్టుకుని కన్ను భాగం చూడు. తర్వాత కిటికీకి అడ్డంగా పెట్టి, వెలుతురు వెనక నుంచి వచ్చేట్టు చూడు. గోధుమరంగులో వెలవెలబోతుంది. ఈక అదే, నీలం ఎటు పోయిందో మీ టీచర్ని అడుగు. సీతాకోకచిలుకల్లో, పక్షుల్లో నీలం చాలానే చూస్తాం కానీ చీమల్లో ఎరుపు, నలుపు, గోధుమ, పసుపే ఎక్కువ, నీలం చాలా చాలా అరుదు. అందుకే ఆ తొర్ర దగ్గర పెద్దవాళ్లు కూడా ఆగిపోయారు.

కుడుతుందా? (పేరు రాయలేదు, ఊరు విజయనగరం)

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు, దీనికి ఆజ్ఞ ఉన్నా కుట్టడానికి కొండి లేదు. ఈ చీమ ఉన్న ఉపకుటుంబంలో (కొన్ని ప్రజాతులు కలిసిన ఇంకా పెద్ద గుంపు) దేనికీ కొండి ఉండదు. దానికి బదులు పొట్ట చివర చిన్న రంధ్రం, అందులోంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. మామిడి చెట్టెక్కితే ఆకులు కుట్టి గూడు కట్టుకున్న ఎర్రచీమలు పట్టుకుంటాయి కదా, అవీ ఈ ఉపకుటుంబమే. అవి కుట్టవు, దవడతో కొరికి ఆ గాయంలో ఆమ్లం పోస్తాయి. అనుభవించినవాళ్లకి ఆ తేడా వల్ల పెద్ద ఊరట ఉండదనుకోండి.

మా అబ్బాయి దగ్గర డాలస్‌లో ఆరు నెలలున్నాను. పెరట్లో గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడితే నిప్పులు పోసినట్టు కుట్టాయి. వాటికీ ఇలాగే ఎవరో పేరు పెట్టే ఉంటారుగా. అసలు ఒక చీమకి పేరు పెడితే ఎవరికేం ఒరుగుతుంది? (ఓ పాఠకురాలు, గుంటూరు)

పాపం, మిమ్మల్ని కుట్టింది చాలా మటుకు సొలెనాప్సిస్ ఇన్‌విక్టా అయి ఉంటుంది, నిప్పు చీమ. దానికి మాత్రం కొండి ఉంది. దాని పేరు కథ వింటే మీ రెండో ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది, కొంచెం పొడుగు కథ, ఓపిక పట్టండి.

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1930ల్లో సరుకు ఓడల్లో అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మొబైల్ అనే రేవుకి చేరింది. 1942లో ఆ ఊళ్లోనే 13 ఏళ్ల కుర్రాడొకడు ఇంటి పక్క ఖాళీ స్థలంలో దాని పుట్టను చూసి రాసుకున్నాడు. ఆ కుర్రాడే పైన చెప్పిన విల్సన్. అప్పటికి దానికి సరైన పేరు లేదు. దానికంటే ముందే వచ్చిన ఇంకో దక్షిణ అమెరికా చీమతో కలిపేసి, రెండూ ఒకటే రకమని చాలాకాలం అనుకున్నారు. ఈలోగా అది దక్షిణాది రాష్ట్రాలన్నీ పాకింది, దాని మీద విమానాలతో మందు చల్లారు, రైతులు గోలపెట్టారు. 1972లో బ్యూరెన్ అనే ఆయన కూర్చుని, ఇది వేరే జాతి అని వర్ణన రాసి ఇన్‌విక్టా అని పేరు పెట్టాడు, ఓటమి లేనిది అని అర్థం. వచ్చి నలభై ఏళ్ల దాకా శత్రువు పేరేమిటో తెలియకుండా యుద్ధం చేశారన్నమాట. పేరు సరిగా తేలితేనే దాని స్వదేశం ఏదో వెతికి, అక్కడ దాన్ని అదుపులో పెట్టే శత్రువులేవో చూడగలం. రేవులో కంటెయినర్ తనిఖీ చేసేవాళ్లకి ఏది ఆపాలో చెప్పగలం.

కథ అక్కడ ఆగలేదు. తర్వాత పాత కాగితాలు తిరగేస్తే శాన్షీ అనే ఆయన ఇదే చీమకి 1916లోనే వాగ్నెరి అని పేరు పెట్టినట్టు బయటపడింది. ముందు పెట్టిన పేరుదే హక్కు, అది నియమం. కానీ అప్పటికి ఇన్‌విక్టా పేరుతో వేల కొద్దీ పరిశోధనలు, చట్టాలు, మందు డబ్బాల మీద లేబుళ్లు... చివరికి జంతువుల పేర్ల మీద తీర్పు చెప్పే అంతర్జాతీయ కమిషన్ 2001లో ఇన్‌విక్టాయే ఉండనివ్వమంది. మా చిన్నప్పుడు వీధిలో ఒకాయన ఉండేవాడు, రేషన్ కార్డులో ఒక పేరు, బళ్లో ఒక పేరు, ఊరంతా పిలిచేది ఇంకో పేరు. ఆయన పింఛను కాగితాలు గుర్తొచ్చాయి నాకు.

(ఈ శాన్షీ కూడా డాక్టరే, ట్యునీషియాలో వైద్యం చేసేవాడు. ఫోరెల్ డాక్టర్, శాన్షీ డాక్టర్, ఇంకో డాక్టర్ కింద వస్తున్నాడు. పాతకాలం చీమల పేర్లలో డాక్టర్ల వాటా పెద్దదే.)

కొత్త జాతి దొరికిందని సంబరపడి దాన్నే చంపి సూదికి గుచ్చడమేమిటండీ? ఫోటో తీసి వదిలేయొచ్చు కదా. మనసు చివుక్కుమంది. (ఓ పాఠకుడు, తెనాలి)

మీ బాధ నాకు అర్థమైంది, మీరొక్కరే కాదు, ఇదే మాట ఏడుగురు రాశారు.

ముందు చీమల సంగతి వేరని ఒప్పుకోండి. గూటి బయట తిరిగేవి దాదాపు అన్నీ శ్రామిక చీమలే, గుడ్లు పెట్టేది లోపలున్న రాణి. పది పన్నెండు శ్రామికులను తీసుకుంటే గూటికి జరిగే నష్టం, మీరు వంటింటి గట్టు తుడిచినప్పుడు జరిగేదానికంటే తక్కువే. పులికీ పక్షికీ ఈ మాట చెప్పను.

ఫోటోతో ఎందుకు కుదరదంటే, పైన చెప్పిన వెనక జత వెంట్రుకలు మీ ఫోటోలో పడ్డాయా? పళ్లు అయిదా ఆరా? రేపు ఎవరికో అనుమానం వచ్చి, మొదట చూసినవాళ్లు గమనించని భాగమొకటి చూడాలంటే ఫోటోను తిరగేసి చూడలేరు. అందుకే కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక్క నమూనాను హోలోటైప్‌గా ఎంచి, ఎక్కడ దాచారో రాయాలి. పొలానికి సర్వే రాయి లాంటిదది. సరిహద్దు తగాదా ఎప్పుడొచ్చినా అందరూ మళ్లీ ఆ రాయి దగ్గరికే రావాలి. మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం కూడా కొత్త జాతి నమూనాలను ప్రభుత్వం గుర్తించిన సంస్థల్లో దాచాలనే చెప్తోంది.

రాయి పోతే ఏమవుతుందో చెప్తాను. బ్రెజిల్‌లో అమెజాన్ అడవుల మధ్య మనౌస్ అనే ఊరుంది. అక్కడి అడవి మట్టిలో 1998లో రెండు చీమలు దొరికాయి, అప్పటిదాకా ఎవరూ చూడని ఆకారం. ఆ రెండూ ప్రమాదవశాత్తు పాడైపోయాయి. కథ ఉంది, చీమ లేదు, కాబట్టి పేరూ లేదు. అయిదేళ్ల తర్వాత 2003 మేలో క్రిస్టియన్ రాబెలింగ్ అనే యువకుడికి అదే ఊళ్లో, సందె చీకట్లో రాలిన ఆకుల మీద నడుస్తూ ఒకే ఒక్క చీమ కనిపించింది. పాలిపోయిన రంగు, కళ్లు లేవు, తలకి పట్టకారులా పొడవాటి దవడలు. భూమి లోపల బతికేది. అంగారకుడి నుంచి దిగినట్టుందని తోటివాళ్లు హాస్యమాడితే ఆ హాస్యమే పేరైంది: మార్షియాలిస్ హ్యూరేకా. మొదటి మాటకి అంగారకుడిదని అర్థం, రెండో మాట గ్రీకులో దొరికింది అని. పోగొట్టుకుని మళ్లీ దొరికించుకున్నవాడి అరుపు అది.

2008లో దాని వర్ణన వచ్చింది. ఉన్నది ఒక్కటే చీమ, డీఎన్ఏ కావాలి, చీమా పాడవకూడదు. దాని ముందరి కాలొకటి తీసి దాంతో డీఎన్ఏ తీశారు. బతికున్న చీమల్లో కొత్త ఉపకుటుంబం దొరకడం 1923 తర్వాత అదే మొదలు. చీమల వంశవృక్షంలో అన్నిటికంటే ముందు విడిపోయిన కొమ్మల్లో అదొకటి. ఆ ఒక్కదాన్ని ఫోటో తీసి ఆకుల మీద వదిలేసి ఉంటే మనకి ఇవాళ ఈ కథ ఉండేది కాదు. మీ మనసు చివుక్కుమనడం తప్పని నేననను, నాకూ మొదట్లో అనిపించేది.

ఇంతకంటే వింత చీమలున్నాయా అడవుల్లో? (ఓ పాఠకుడు, నిజామాబాద్)

బోర్నియో దీవిలో బ్రూనై అడవుల్లో ఒకటుంది, చెట్ల మీద కాపురం. శత్రువు మీద పడినప్పుడు చిన్న శ్రామికులు తమ పొట్టను తామే పగలగొట్టుకుంటాయి, లోపలున్న పసుపు జిగురు శత్రువుకి అంటుకుంటుంది, చీమ చచ్చిపోతుంది. ఆ జిగురుకి మసాలా కూర వాసన వస్తుందని పరిశోధకులు రాశారు. పెద్ద శ్రామికులది ఇంకో ఉద్యోగం, వాటి తల సీసా బిరడాలా ఉంటుంది, గూటి ద్వారంలో తల పెట్టి మూసేస్తాయి. 2018లో దానికి కోలోబాప్సిస్ ఎక్స్‌ప్లోడెన్స్ అని పేరు పెట్టారు. ఇలా పొట్ట పగలగొట్టుకునే చీమల గుంపులో అంతకుముందు కొత్త పేరు వచ్చింది 1935లో. అంతదాకా పరిశోధకులు దాన్ని పసుపు జిగురు అనే అర్థం వచ్చే ముద్దుపేరుతో పిలుచుకున్నారు.

మన తెలుగు నేల మీద ఇలాంటి పని ఎవరూ చేయలేదా? ఎప్పుడు చూసినా అరుణాచల్, అమెజాన్. (ఓ పాఠకుడు, నెల్లూరు)

మీ ఊరి నుంచే ఈ ప్రశ్న రావడం చూసి నవ్వొచ్చింది. మీ నెల్లూరులోనే సివిల్ సర్జన్‌గా పనిచేశాడు థామస్ జర్డన్ అనే ఆంగ్లేయుడు, నేను చెప్పిన మూడో డాక్టర్. కడప వైపు దొరికే కలివికోడిని 1848లో లోకానికి తెలియజేసింది ఆయనే, దాని ఇంగ్లిష్ పేరులో ఆయన పేరుంది. యానాదులను అడిగి పిట్టల తెలుగు పేర్లు రాసుకున్నాడు. అది చాలామందికి తెలుసు. ఆయన 1851లో దక్షిణ భారత చీమల మీద ఒక పెద్ద జాబితా కూడా వేశాడని తక్కువమందికి తెలుసు. పెద్ద కళ్లు, పొడుగు దవడలు ఉండి మిడతలా ఎగిరే చీమ ఒకటుంది, హార్పెగ్నాథస్ సాల్టేటర్, దాని మొదటి వర్ణన జర్డన్‌దే. 2010లో మొత్తం జన్యుపటం తీసిన మొట్టమొదటి చీమల్లో అదీ ఒకటి.

జర్డన్ వర్ణనలు చదవడానికి బావుంటాయి, చీమ ఎలా నడుస్తుంది, ఎక్కడ గూడు పెడుతుంది, అన్నీ ఉంటాయి. కానీ ఆయన చూసిన చీమలు చాలావాటికి నమూనాలు మిగల్లేదు. తెనాలి ఆయన ప్రశ్నకి నా జవాబు ఇంకోసారి చదవండి. ఫలానా చీమ జర్డన్ చెప్పినదా కాదా అని తర్వాతివాళ్లు కొట్టుకోవాల్సి వచ్చింది, రాయి లేదు కదా.

ఇంకోటి, మన ఇంటి గండుచీమ, పెద్ద నల్లది, చక్కెర డబ్బా దగ్గర కాపలా కాసేది, దానికి కూడా 1787లోనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ పేరు పెట్టేశాడు. మన పెరటి చీమలకు పేర్లు చాలావరకు ఎప్పుడో పడ్డాయి. నల్లమలలో, పాపికొండల్లో రాలిన ఆకుల కింద జల్లెడ పట్టి చూసేవాళ్లు కావాలి. జల్లెడ అంటే నిజంగా జల్లెడే, ఆకుచెత్తను జల్లించి సంచిలో వేలాడదీస్తే చెత్త ఆరేకొద్దీ చీమలు కిందున్న సీసాలోకి దిగుతాయి. అటవీ శాఖ అనుమతి తీసుకోకుండా మాత్రం ఆ పని చేయకండి.

పాములుండే పుట్టల్లో ఇలాంటి కొత్త చీమలు దొరుకుతాయా? (ఓ పాఠకురాలు, నర్సీపట్నం)

మనం పుట్ట అనేది చాలా మటుకు చెదలు కట్టింది. చెదలు చీమలు కావు, బొద్దింకలకి దగ్గర. పాము సంగతి మీకే వదిలేస్తున్నా.

మేడమ్, మా బాల్కనీలో మల్లె మొక్క మీద వింత చీమ కనిపించింది. ఎర్రగా ఉంది, కుదుపులు కుదుపులుగా నడుస్తోంది, పట్టుకోబోతే దారం పట్టుకుని కిందికి జారింది. ఫోటో పంపుతున్నాను, ఇది కొత్త జాతేనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది. (ఓ పాఠకుడు, కూకట్‌పల్లి)

టెన్షన్ పడకండి. చీమ దారం వదలదు. ఫోటో పెద్దది చేసి కాళ్లు లెక్కపెట్టాను, ఎనిమిది. ముందు రెండు కాళ్లను పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది, అంతే. అది చీమ వేషం వేసిన సాలీడు. ఎర్రచీమలు తిరిగే చోట ఆ వేషంలో ఉంటే దాన్ని తినడానికి పిట్టలు వెనకాడతాయి. మీరు మోసపోయారని చిన్నబుచ్చుకోకండి, పిట్టలే మోసపోతున్నాయి.

నిజంగా చీమే కనిపించి అనుమానం వస్తే ఇలా చేయండి. కాళ్లు ఆరు ఉన్నాయో లేదో చూడండి. మీసం మోచేయిలా మధ్యలో వంగి ఉందా, పొట్టకి ముందు సన్నటి నడుం మీద చిన్న బుడిపె ఉందా చూడండి, అవి ఉంటే చీమే. తర్వాత మూడు ఫోటోలు: పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, మొహం ఎదురుగా ఒకటి. ఎక్కడ, ఏ తేదీన, దేని మీద కనిపించిందో రాయండి. ఆ వివరాలు లేకపోతే ఎంత అందమైన ఫోటో అయినా నాకు పనికిరాదు. యాంట్‌వెబ్ అనే సైట్‌లో హోలోటైప్‌ల ఫోటోలు వేల కొద్దీ ఉచితంగా ఉన్నాయి, మీరే పోల్చి చూడొచ్చు, ఒకసారి మొదలుపెడితే రాత్రి ఎంతైందో తెలియదు.

మీ ఫోటోలో పరిమాణం తెలియడం లేదు. ఈసారి తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ల పెట్టండి.